దూదవ్వ మనుమరాలు

ఆ రోజుల్లో నా చదువు కొత్త చెప్పుల్లాంటిది, అడుగు వేస్తే చాలు కిర్రుమనేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, చండ్రుగొండ అవతల అడవి అంచున, ఒక విత్తనాల కంపెనీ ప్రయోగపు చేలో నాకు మొదటి ఉద్యోగం. పత్తిలో కొత్త రకం పుట్టించడం మా పని. (పుట్టించేసినట్టే అని ఇంటికి ఉత్తరం కూడా రాశాను.) పక్క గూడెంలో అందరూ దూదవ్వ అని పిలిచే ముసలామె వాకిట్లో ఏళ్ల తరబడి కాసే ఒక పత్తి చెట్టు ఉండేది. మందు కొట్టకపోయినా, ఆకుల రసం పీల్చే పచ్చదోమ దాని జోలికి వచ్చేది కాదు. ఆ గుణం మా పత్తికి తెద్దామని పుప్పొడి అడిగితే, ఆమె నన్ను ఎగాదిగా చూసి, తన చెట్టుకు ఈ సంబంధం మంచిదేనా అని ఆరా తీసి మరీ ఒప్పుకుంది.

సాయంత్రం మా మొక్కల మొగ్గల్లో కేసరాలు గిల్లేసి, పొద్దున్నే అవ్వ చెట్టు పుప్పొడి రాసి, గుర్తుకు కొమ్మకు ఎర్రదారం కట్టేవాళ్లం. జాతులు వేరు కావడంతో కాయలన్నీ రాలిపోయి చివరికి ఒక్కటే నిలిచింది. అంతలో కంపెనీ పెద్దసారు చేను చూడటానికి వస్తున్నాడని కబురు. రాలిన కాయల తాలూకు దారాలు వేలాడుతుంటే చూడటానికి అసహ్యంగా ఉందని, అన్నీ కత్తిరించేయమని కూలీలకు హుకుం వేశాను. అన్నీ అంటే అన్నీ కత్తిరించారు పాపం. మా ఒక్క కాయ వేల కాయల్లో కలిసిపోయింది. అదీ రాలిపోయిందని సారుకు చెప్పి గండం గట్టెక్కాను.

అవ్వ దగ్గర మాత్రం గట్టెక్కలేదు. కాయలు పగిలే రోజుల్లో మనుమరాలిని చూస్తానని వచ్చింది. తప్పు ఒప్పుకునే ధైర్యం లేక, చేతికందిన కాయ చూపించాను. అది చాలదన్నట్టు, ఇది మీ చెట్టుకన్నా గొప్పదవుతుందని కోతలు కూడా కోశాను. ఆమె మురిసిపోయి నాలుగు గింజలు కొంగున ముడేసుకుని వెళ్లింది.

మరుసటి ఏడు గాలివానకు ఆమె చెట్టు కూలింది. పరుగున పోయి, పాత గింజలేమైనా దాచావా అవ్వా అని అడిగాను.

"మనుమరాలు ఉండంగ అవెందుకని పారబోసిన బిడ్డా."

వాకిట్లో నేనిచ్చిన గింజ మొలిచిన మొక్క పచ్చదోమ పట్టి, ఆకులు ఎర్రబడి ముడుచుకుపోయి ఉంది. అవ్వ దాని మీద బూడిద చల్లుతోంది.

"మా చెట్టు పోలిక రాలే. రాకుంటేంది, మన పిల్లనే గద."

ఇప్పుడైనా నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. తెరిచి, మంచినీళ్లు అడిగాను. ఆమె లోపలికి పోయి చెంబు తెచ్చింది. ఆ కుర్ర మేధావిని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వాడు నేనేనని గుర్తొచ్చేదాకా.