గుడివాడ దాకా వెళ్లిన చప్పుడు

2023 ఫిబ్రవరి 7, మంగళవారం, ఉదయం పదిన్నరకు ఆ ఎర్ర కారు బందరులో మా షెడ్డు ముందు ఆగింది. రెండే తలుపులు, నేలకు జానెడు ఎత్తు. స్పోర్ట్స్ కారు మా షెడ్డుకు రావడం అదే మొదలు. మా ఆయన పోయినప్పటి నుంచీ షెడ్డు నేనే నడుపుతున్నాను. రెంచి పట్టింది తక్కువ, చప్పుడు విన్నది ఎక్కువ. పక్క సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, చప్పుడు ఎక్కడిదో చెబితే మేస్త్రీలు అక్కడ విప్పుతారు. నా పని అదే, ఊళ్లో నాకున్న పేరూ అదే.

కారు తెచ్చినవాడు వెంకట్, నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట.

"బ్రేక్ వేస్తే టక్ అంటోంది పిన్నిగారూ. మళ్లీ యాక్సిలరేటర్ తొక్కితే ఇంకో టక్. మా ఆవిడ ఎక్కనంటోంది. దీనికంటే ట్రాక్టర్ నయమంట," అన్నాడు. ఆ వెంటనే, "శుక్రవారంలోపు మీ దగ్గర కాకపోతే గుడివాడ జిలానీ దగ్గరికి తీసుకెళ్లమన్నారండీ. చప్పుళ్లకి ఇప్పుడు ఆయనేనంట కదా?" అన్నాడు.

ఆ 'ఇప్పుడు' అన్న మాట రోజంతా నా చెవిలోనే ఉంది.

జిలానీ మా షెడ్డులో పంతొమ్మిదేళ్లు పనిచేశాడు. కళ్లు మూసుకుని వినడం నేను నేర్పిందే. రెండేళ్ల క్రితం గుడివాడలో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. చెప్పే వెళ్లాడు, వెళ్తూ స్వీట్లు కూడా ఇచ్చాడు. అయినా గుడ్లవల్లేరు బళ్లు బందరు రావడం మానేసి గుడివాడ వైపు తిరుగుతుంటే, ఏ బండి ఏ నెలలో ఆగిపోయిందో నాకు ఇప్పటికీ గుర్తే.

కారును గిలకలదిండి రోడ్డు మీద తిప్పాం. ఐసు లారీల నీళ్లు కారి ఆ రోడ్డు ఎప్పుడూ గుంతలే. సస్పెన్షన్, అంటే చక్రాల కుదుపును మింగే భాగాలు, లూజుగా ఉంటే అక్కడ బయటపడుతుంది. గుంతల్లో ఏ తేడా లేదు. హార్బరు గేటు దగ్గర బ్రేక్ వేయగానే టక్. చేపల బుట్టలు దాటి తొక్కగానే మళ్లీ టక్.

ఇలా వచ్చే చప్పుడు చాలాసార్లు ఇంజన్ మౌంట్‌ది. ఇంజన్‌ను కారు బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ అది. అరిగితే ఇంజన్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. జిలానీ అయినా మొదట అదే అంటాడు. అతని చేతికి వెళ్లేలోపు నా చేతిలోనే పనైపోవాలన్న తొందరలో రెండోసారి కళ్లు మూసుకుని విననే లేదు.

మౌంట్ విజయవాడ నుంచి వచ్చేసరికి గురువారం. వేశాం. టక్ పోలేదు. సైలెన్సర్ వేడి పైకి రాకుండా అడ్డుండే రేకు, దాన్ని హీట్ షీల్డ్ అంటారు, అదీ బిగించాం. పోలేదు.

మా మేస్త్రీ సుబ్బారావు కారు కింద నుంచి బయటికొచ్చి, "జిలానీ భాయ్‌కి ఒక ఫోన్ కొడదామా అమ్మా?" అన్నాడు.

"కొట్టు. కొట్టి, నీకు అక్కడ పనుందేమో కూడా అడుగు."

"ఎందుకమ్మా అంత కోపం? అడిగితే పోయేదేముంది?"

"నీకేం పోదురా."

శుక్రవారం సాయంత్రం వెంకట్ వచ్చి తాళం అడిగాడు. "ఏమనుకోకండి పిన్నిగారూ, గుడివాడ వెళ్లొస్తాను."

"పద, నేనూ వస్తాను," అన్నాను. జిలానీ కూడా పట్టుకోలేకపోవడం నా కళ్లతో చూడాలి, అంతే. దారిలో టక్కుమన్నప్పుడల్లా నాకు కాస్త ధైర్యం వచ్చింది.

జిలానీ షెడ్డు మా షెడ్డు కంటే శుభ్రంగా ఉంది. పనిముట్లు గోడకు వరసగా, మా దగ్గర నేను పెట్టించిన వరసలోనే ఉన్నాయి. ఆ పల్లపు సీటులోంచి లేవడానికి మోకాళ్లు మొరాయిస్తే పరుగెత్తుకొచ్చి చెయ్యిచ్చాడు.

"మీరొచ్చారేంటమ్మా! కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా."

"నీ షెడ్డు చూద్దామని. ఈ కారుకు మౌంట్ మార్చాం, పోలేదు."

"నేనైనా ముందు అదే మార్చేవాణ్ణమ్మా," అన్నాడు. ఆ మంచితనం నాకు మరీ కష్టంగా ఉంది.

పక్క సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. తల కాస్త ఎడమకు వంచడం కూడా నాదే. వాళ్లు రోడ్డు చివరి దాకా వెళ్లి వచ్చేవరకూ నేను స్టూలు మీద కూర్చుని, దొరక్కూడదు, దొరక్కూడదు అనుకుంటున్నాను.

"కింద కాదమ్మా," అన్నాడు దిగుతూనే. "ముందు అద్దం దగ్గర, డాష్‌బోర్డ్ లోపలి గాలి గొట్టంలో. ఊగే చప్పుడు కాదు, దొర్లే చప్పుడు. బోల్టో, బేరింగ్ గుండో పడింది. డాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి, రెండు రోజుల పని."

దొర్లేది అనగానే నాకు తట్టింది. చోటు అతను పట్టాడు. వస్తువైనా నాకు దక్కాలి.

"వెంకట్, కారుకు పూజ చేయించావా?"

"చేయించకుండా ఎలాగండీ? మా అత్తగారు దగ్గరుండి చేయించారు, అవనిగడ్డలో."

"తాంబూలం ఎక్కడ పెట్టారు?"

"డాష్‌బోర్డ్ మీదే, అద్దం కింద."

"వక్కలెన్ని?"

"రెండు..." అని ఆగాడు. "ఇంటికొచ్చి ఆకులు తీసేటప్పుడు ఒకటే ఉంది పిన్నిగారూ. రెండోది సీటు కింద ఉంటుందిలే అనుకున్నా."

అద్దం మీది మసక పోయేలా గాలి వదిలే జాలీ అక్కడే ఉంటుంది, దాన్ని డీఫ్రాస్టర్ వెంట్ అంటారు. ఈ కారు జాలీలో ఒక పుల్ల పాత యజమాని దగ్గరే విరిగింది. జిలానీ జాలీ ఊడదీసి వాక్యూమ్ గొట్టం దించాడు. అరగంట తంటాలు పడితే గొట్టం మూతికి అతుక్కుని పైకొచ్చింది, పసుపు ఇంకా వదలని పోకవక్క.

అందరూ నవ్వారు. "రెండు రోజుల పని తప్పించారమ్మా," అని జిలానీ చేతులు జోడించాడు. అతని మొహంలో చిన్నబోవడం కోసం వెతికాను. లేదు. ఉత్త సంతోషం.

తిరుగుదారిలో కారు చప్పుడు లేకుండా వెళ్తోంది. వెంకట్ కారు స్పీకర్లోనే భార్యతో మాట్లాడాడు. "పోయిందే చప్పుడు! గుడివాడ జిలానీ పట్టేశాడు." నా వైపు చూసి, "వక్క అని చెప్పింది మాత్రం పిన్నిగారే," అన్నాడు. అప్పటికే ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. ఏం ఊడిందో చూసే ముందు లోపల ఏం పడిందో అడగండి. పూజయిన కారైతే వక్కల లెక్క చెప్పించండి. జిలానీ ఇప్పుడు ప్రతి కారుకూ అదే అడుగుతున్నాడట.

ఆ కారుతో మా షెడ్డు పోగొట్టుకున్నవి: బాగానే ఉన్న ఇంజన్ మౌంట్ ఒకటి, నాలుగు రోజుల పని, వెంకట్, అతని వెనకే బందరు దాటి గుడివాడ దాకా వెళ్లడం మొదలుపెట్టిన దివిసీమ బళ్లు, మార్చి ఒకటో తారీఖున సుబ్బారావు.