పక్కింటి అన్న బిళ్ళ

మొన్న శుక్రవారం పొద్దున కువైట్‌లో, అబ్బాసియాలోని మా గదికి పక్క గది పిల్ల వచ్చి, నసుగుతూ నా బతాకా అడిగింది. బతాకా అంటే ఇక్కడ మనం మనమేనని చెప్పే కార్డు. ఆ పిల్ల తనను పనికి రప్పించిన కఫీల్ ఇంటి నుంచి బయటికొచ్చేసింది, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా గడువు అయిపోయింది. ఎగైలాలో ఎవరింట్లోనో విందుకు ఒక్కరోజు పని దొరికింది కానీ, దారిలో ఆపితే చూపించడానికి కార్డు లేదు. “మాపటికి తెచ్చిస్తా పెద్దమ్మా, ఫోటో ఎవురు చూస్తారు?” అంది. అరవై దాటిన నా మొహానికీ పాతికేళ్ళ దాని మొహానికీ పోలికేమిటో! నవ్వు రావలసింది, రాలేదు.

నా ఈడు వాళ్ళలో బంగారు గని ఊళ్ళో కాపురం చేసినవాళ్ళుంటే, ఎందుకో వాళ్ళకు తెలుస్తుంది. పదిహేడేళ్ళకు పెళ్ళై మా సీమ పల్లె నుంచి అక్కడికి వెళ్ళినప్పుడు, బంగారం ఊరు కదా, వీధులైనా మెరుస్తాయనుకున్నాను. తీరా చూస్తే గని మట్టి గుట్టలు, రేకుల ఇళ్ళ వరసలు, గాలి లేస్తే అన్నంలో కూడా ఆ పొడే. అంత బంగారం తవ్వే ఊళ్ళో మా మెడల్లో పసుపుకొమ్ములే ఉండేవి, మగవాళ్ళు ఇంటికి తెచ్చేది దగ్గు. పక్కింటి అన్నకూ మాకూ మధ్య ఒకటే గోడ, అవతల వదిన మిరపకాయలు వేయిస్తే ఇవతల నేను తుమ్మేదాన్ని. కొళాయి దగ్గర గొంతు పెంచి వంతు దక్కించుకోవడం నాకు నేర్పింది ఆ వదినే.

గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఉండేది. అది కిటికీలో ఇస్తే దీపం ఇచ్చేవారు, బిళ్ళను మేకుకు తగిలించేవారు. పైకొచ్చి దీపం ఇస్తేనే బిళ్ళ తిరిగొచ్చేది. ఇచ్చినవాడి మొహం ఎవరూ చూసేవారు కాదు.

ఒకరోజు పక్కింటి అన్న పనికని చెప్పి జాతరకు వెళ్ళాడు. ఇంకొక్క రోజు మానితే పని పోతుంది, పనితోపాటు ఇల్లూ పోతుంది. ఆ రోజు మా ఆయనకు సెలవు, అందుకని అన్న బిళ్ళతో ఆయన దిగాడు. “వదినకు చెప్పబాకు, అన్నను ఉతికి ఆరేస్తాది” అని నవ్వుతూనే వెళ్ళాడు.

మధ్యాహ్నం నేల అదిరింది, గిన్నెలు కదిలాయి. లోపల రాయి పగిలిందని ఆ ఊరి ఆడవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొయ్యి మీదవి అలాగే వదిలేసి, మనుషులను కిందికి దించే షాఫ్టు దగ్గరికి అందరం పరిగెత్తాం. బతికినవాళ్ళు పైకొచ్చి ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకున్నాక మూడు మిగిలాయి. గుమాస్తా చదివిన రెండో నంబరు పక్కింటి అన్నది. వదిన కూలిపోయింది, నేనే పట్టుకున్నాను. నీ మొగుడు ఈరోజు దిగలేదు, అదృష్టవంతురాలివి అని ఎవరో నాతో అన్నారు.

నేను నోరు మెదపలేదు. ఆయన బతికే వస్తాడు, ఈలోగా నేను చెప్పేస్తే ఇద్దరి పనీ పోతుంది, వచ్చాక నన్ను తిడతాడు అనుకున్నాను. నా బుద్ధికి నిప్పు పెట్ట! రాళ్ళు తీయడానికి దిగినవాళ్ళు సందుల్లోంచి పేర్లు పెట్టి పిలుస్తున్నారని, ఎవరిదో మూలుగు వినిపించిందని కింది నుంచి కబురొచ్చింది. వాళ్ళు పిలుస్తున్నది అన్న పేరు. అది తెలిసీ వదిన వీపు నిమురుతూ కూర్చున్నాను.

సాయంత్రం బొరుగుల పొట్లంతో అన్న వచ్చాడు. వదిన అతన్ని వాటేసుకుంది, వెంటనే చెంపలు వాయించింది, తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది. అప్పుడు చెప్పాను. అప్పటికే కింద మూలుగు ఆగిపోయిందట. మర్నాడు ఆయన్ని పైకి తెచ్చారు.

ఆ గని ఎప్పుడో మూసేశారు. నేను కువైట్ వచ్చి ముప్పై ఏళ్ళు కావస్తోంది. ఇప్పుడు ఇత్తడి బిళ్ళలు లేవు, ఫోటోలు, వేలిముద్రలు, ఫోనులో కార్డులు వచ్చాయి. మనిషిని పోల్చడానికి ఇన్ని వచ్చినా, కూటి కోసం ఒకరి పేరులో ఇంకొకరు దూరడం మాత్రం పోలేదు.

కార్డు ఇవ్వనన్నాను. ఆ పిల్ల మూతి ముడుచుకుని ఇంకెవరిదో తెచ్చుకుంది. వెళ్ళేవాళ్ళను వెనక నుంచి పిలవకూడదంటారు, అయినా మెట్లు దిగుతుంటే పేరు పెట్టి పిలిచాను. “ఏంది పెద్దమ్మా?” అని ఆగింది. ఏమీ లేదు పొమ్మన్నాను. తన పేరు ఒక్కసారి చెవిన పడి వెళ్తే చాలనుకున్నాను. మా ఆయన చెవిన ఆఖరున పడింది పక్కింటి అన్న పేరు.