మా బావగారి పులి

పోయిన మాఘమాసం మొదటి ఆదివారం, పొద్దున పది గంటలకు, అక్క కొడుక్కి పిల్లను చూడ్డానికి చండ్రుగొండ వెళ్లాం.

బావ ఇంటిపేరు పులి. వాళ్ల తాతల తాత రోకలితో పులిని కొట్టాడట. కుంట పక్కన ఇల్లని మేం కుంటల వాళ్లమయ్యాం. నేను అరవై దాటాక చదవడం నేర్చుకుంటే, మా కల్లూరు దుకాణాల బోర్డుల మీదా వాళ్ల పేరే కనిపించి కడుపు మండింది.

మధ్యవర్తికి పిల్ల తండ్రి టైలర్ వెంకన్నగానే తెలుసు, ఇంటిపేరు అడగలేదు. బావ అక్కడా పులి కథ ఎత్తుకున్నాడు. వెంకన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“గా పులిని కొట్టింది మా తాతల తాతనే గదా. మనది ఒక్కటే ఇంటిపేరు. మా పిల్ల మీ పిలగానికి చెల్లె అయితది.”

బావ తల దించుకున్నాడు. నేను ఆగలేదు.

“మాది కుంటల. బావకు బిడ్డ వరసైతే నా కొడుక్కి మరదలే. కారు నడిపింది వాడే, బయట ఉన్నడు, చూడుండ్రి.”

కడుపుమంట ఇప్పుడు బావకు మారింది. ఆ రోజు అక్కడ ఉన్నది అక్క, బావ, వాళ్ల సురేష్, మధ్యవర్తి సాయిలు, వెంకన్న, నేను, మా రాజు, ఇప్పుడు మా కోడలైన సరిత.