టైరు పక్క చోటు

నాకు నీళ్లంటే భయం. అలాంటిదాన్ని, కృష్ణ పాయ దాటితే తప్ప చేరలేని లంక బడికి టీచరుగా వేశారు. రోజూ అవనిగడ్డలో బస్సెక్కి నాగాయలంక రేవుకు వెళ్లడం, అక్కణ్ణుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పడవెక్కడం.

పడవ నడిపే పెద్దాయన్ని అందరం మావయ్యా అనే పిలుస్తాం. నా భయం పోగొట్టడానికని పడవ రేవు గోడకి గుద్దుకోకుండా పక్కన వేలాడే టైర్ల సంగతి చెప్పేవాడు.

"స్కూటర్ టైరు సన్నం టీచరమ్మా, దెబ్బకి ఆగదు. లారీ టైరేమో మోయలేం. ఆటో టైరైతే సరిగ్గా సరిపోద్ది. నీళ్లు నిలవకుండా అడుగున బెజ్జాలు పెట్టాలి. పోటప్పుడు తాడు కిందికి వదలాలి, పాటప్పుడు, నీళ్లు తీసినప్పుడు, ఎత్తి కట్టాలి. అప్పుడే రేవు గోడకి ఎదురుగా నిలబడిద్ది."

అన్నీ వినేదాన్ని. బుర్రకెక్కింది మాత్రం టైరు తగిలితే చీర నల్లబడుతుందని, అంతే.

ఆ రోజు బడికి తనిఖీ. గంజి పెట్టిన తెల్ల చీర కట్టుకున్నాను. పడవలో దొరికిన చోటు టైరు పక్కనే. పోటు మీదుంది ఏరు. టైరు నీళ్లను కొడుతూ నా మీదికి చిమ్ముతోంది. అందరూ ఫోన్లలో తలలు దూర్చి ఉన్నారు. మెల్లగా తాడు లాగి టైరును కాళ్ల దగ్గర పడేసుకున్నాను. దిగేముందు మళ్లీ వదిలేద్దాంలే అనుకున్నాను. నా మొహం మండ, మర్చిపోయాను!

లంక రేవు దగ్గర గాలి తిరిగింది. ఇంజను ఆపినా పడవ సిమెంటు గోడ మీదికి పోతోంది. మావయ్య మోకు పట్టుకుని మా వైపు వచ్చాడు. టైరు మీద కాలు వేసి గట్టు మీదికి దిగడం ఆయన అలవాటు. ఎన్నేళ్ల నుంచో, కిందికి చూసే పనే లేదు. ఆ రోజూ చూడలేదు.

టైరు నా కాళ్ల దగ్గరే ఉంది. నేను అరిచేలోపే ఆయన కాలు మోకాలి దాకా గోడకీ పడవకీ మధ్య దిగిపోయింది. ఇంతమంది బరువుతో పడవ ఆ కాలి మీదికి వస్తోంది. నా వల్లే! రెండు చేతులా టైరు ఎత్తి ఆ సందులోకి విసిరాను. పడవ టైరును నొక్కి, జానెడు ఎడంలో ఆగింది.

ఆయన్ని పైకి లాగారు. పిక్క చీరుకుపోయింది, ఎముక దక్కింది.

"టీచరమ్మే లేకపోతే కాలు నుజ్జయిపోయేదండీ!" అని అందరికీ చెప్పాడు. "టైరు దించడం నేనే మర్చిపోయినట్టున్నా."

టైరు పైకి లాగింది నేనేనని చెప్పబోయాను. తనిఖీకి వేళయిందని బడికి నడిచాను.

ఇప్పుడు రేవులో ప్రతి ముడినీ రెండేసి సార్లు లాగి చూసుకుంటాడు. "మతి నిలవట్లేదు టీచరమ్మా, మీరు ఈ టైరు పక్కనే కూర్చోండి" అని ఆ చోటు నాకే అట్టిపెడతాడు. ఇంతమంది ప్రాణాలు తన చేతిలో ఉండటం మంచిది కాదని, వచ్చే నెలలో పడవ అమ్మేస్తానంటున్నాడు.

చెప్పాలి. రోజూ బస్సులో ఆ మాటే అనుకుంటూ వస్తాను. రేవులో ఆయన చెయ్యందించి పడవ ఎక్కిస్తే, వెళ్లి టైరు పక్కనే కూర్చుంటాను.