బోరింగు కొసన చీరపేలిక

మొన్న దమ్మపేట దగ్గర బండి ఆపి, రోడ్డు పక్కనున్న బోరింగు కొట్టాను. దోసిట్లో నీళ్లు పడగానే చిన్నప్పటి అదే తుప్పు వాసన.

మా గూడెంలో బీడీల తునికాకు కోతలొస్తే సత్తువున్నవాళ్లంతా చీకటితోనే అడవికి పోయేవాళ్లు. ఒక ఏడు నేను జ్వరం నుంచి అప్పుడే లేచానని అమ్మ ఇంట్లో వదిలేసింది. పొద్దెక్కేసరికి నేనూ, ఎదురింటి అరుగు మీద నడవలేని అవ్వా మిగిలాం. దాహమేసి చెంబు పట్టుకుని బోరింగు దగ్గరికెళ్లాను. హ్యాండిలు కొస పైకి లేచి ఉంది. మొదలు మాత్రమే నాకందింది. దాన్ని పట్టుకుని వేలాడినా దిగలేదు.

"మొదట్ల పట్టుకుంటే ఎట్ల దిగుతది బిడ్డా? కొసన పట్టు," అంది అవ్వ.

"అందుతలేదవ్వా."

సాయంత్రం అమ్మ రాగానే చెప్పాను: "బోరింగు నీకే ఇస్తది నీళ్లు. నాకు ఇస్తలేదు."

తెల్లారి లేచేసరికి ఆమె వెళ్లిపోయింది. బోరింగు దగ్గరికెళితే, హ్యాండిలు కొసకు ఆమె పాత చీరపేలిక కట్టి ఉంది. పట్టుకుని గుంజాను. తేలిగ్గా దిగింది.

"అవ్వా, అమ్మ చీరను చూసి బోరింగు నీళ్లిచ్చింది!"

"అవ్ బిడ్డా," అంది అవ్వ.

దాహం తీరాక కూడా బోరింగు చప్పుడు కోసమే కొడుతూ ఉండిపోయాను.

కొసన పట్టుకుంటే బరువెందుకు తగ్గుతుందో తర్వాత బళ్లో చెప్పారు. కానీ ఆ పేలిక సరిగ్గా నేను చెయ్యెత్తితే అందేంత పొడవుంది. అడవికి పోయేముందు, నిద్రలో ఉన్న నా చెయ్యి పైకి చాపి అమ్మ కొలుచుకుని ఉంటుంది. నాకు మెలకువ రాలేదు.