రెండో చరణం తర్వాత గరగర

మా పెద్దక్క భర్తను చుట్టాలందరూ తూకం బావ అంటారు. ఆయన ముప్ఫై మూడేళ్లు తూనికలు కొలతల శాఖలో పనిచేశారు. కొట్టు కొట్టుకీ వెళ్లి త్రాసులు తనిఖీ చెయ్యడం, సరిగ్గా ఉన్నవాటికి ముద్ర వెయ్యడం, లేనివాటిని ఎత్తుకుపోవడం ఆయన పని. చంకలో ఒక చెక్కపెట్టె, అందులో మఖమల్ గుంటల్లో కూర్చోబెట్టిన ఇత్తడి రాళ్లు. వాటిని చేత్తో ముట్టుకోరు. వేలి చెమట అంటితే బరువు మారుతుందని చిన్న పట్టకారుతో ఎత్తి పెడతారు. ఆయన వీధి మొదట్లో కనిపిస్తే వీధి చివరి కొట్టువాడికి నోరెండిపోయేది.

ఆయనకో పద్ధతి ఉంది. త్రాసును ఒక్కసారి తూచి నమ్మరు. తూచాక రెండు తట్టల్లోవీ అటువి ఇటు, ఇటువి అటు మార్చి మళ్లీ తూస్తారు. "తేడా వస్తువుతోపాటు నడిచిందనుకో, తప్పు వస్తువుది. కదలకుండా అక్కడే కూర్చుందనుకో, తప్పు త్రాసుది" అంటారు. ఈ మాట ఆయన నోట కనీసం వందసార్లు విన్నాను. మా ఆవిడ అయితే, "మీ బావగారు అన్నం కూడా చేతులు మార్చి మార్చి తింటారేమో" అనేది, వంటింట్లోంచి, ఆయనకు వినిపించేలాగానే.

నాది రిపేరు కొట్టు. రేడియోలు, టేపురికార్డర్లు, ఆ తర్వాత డిస్క్ ప్లేయర్లు. బావగారు నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. "ఏరా స్క్రూడ్రైవరూ" అనేవారు. నేను పద్నాలుగేళ్లవాడిగా ఉన్నప్పుడు మా అక్కను పెళ్లి చేసుకున్నారు కాబట్టి, నాకు నలభై ఎనిమిదేళ్లొచ్చినా ఆయన లెక్కలో నేను పద్నాలుగు దగ్గరే ఆగిపోయాను.

అక్క టెలిఫోను ఆఫీసులో పనిచేసేది. ఎవరికైనా నంబరు తెలియకపోతే విచారణకి ఫోన్ చేస్తారు కదా, ఆ కుర్చీలో కూర్చునేది. ఊళ్లో సగం మందికి ఆమె మొహం తెలీదు, గొంతు తెలుసు. కూరలు కొనేటప్పుడు "ఇవి ఎలాగిస్తున్నావు?" అని అడిగితే అమ్మేవాడు తలెత్తి, "మీరు ఫోన్‌లో అమ్మగారు కదూ!" అనేవాడు. అంతటి గొంతు.

ఆ ఆఫీసు ఆడవాళ్లు ఎనిమిదిమంది కలిసి ఒక బృందం పెట్టుకున్నారు. ఒక పాటల మేష్టారు ఆదివారాలు వచ్చి నేర్పేవాడు. ఓసారి చందాలు వేసుకుని, రికార్డింగు గది అద్దెకు తీసుకుని, ఒక డిస్కు తయారు చేయించుకున్నారు. అట్ట మీద ఎనిమిది పేర్లు, మూడోది అక్కది. రికార్డింగు రోజు సాయంత్రం అక్క గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చింది. "పాడి పాడి పోయింది" అంది. డిస్కు చేతికొచ్చాక బావగారు అది పెట్టుకుని, "ఇందులో నీ గొంతు ఏదీ?" అని అడిగితే, "వెతుక్కోండి. త్రాసులన్నీ పట్టేస్తారుగా, పెళ్లాం గొంతు పట్టలేరా?" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎప్పుడడిగినా అదే జవాబు. ఎనిమిదిమందీ ఒకే రాగం ఒకేసారి ఎత్తుకుంటే ఏది ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? అది వాళ్లిద్దరి మధ్య ఆటగా నడిచింది.

పదేళ్ల తర్వాత అక్క జ్వరమని పడుకుని, పదకొండు రోజుల్లో పోయింది.

ఫోటోలు బోలెడు మిగిలాయి. గొంతు మాత్రం ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు. ఊరంతా విన్న గొంతును ఎవరూ దాచిపెట్టలేదు, రేపు కూడా ఫోన్ చేస్తే వినిపిస్తుంది కదా అనుకున్నారు. ఆట కాస్తా బావగారికి పని అయిపోయింది. రోజూ పొద్దున కాఫీ తాగాక తన పాత చవకరకం ప్లేయర్లో డిస్కు పెట్టి, కుర్చీ దగ్గరకు లాక్కుని వెతికేవారు.

ఒకరోజు ఆ ప్లేయర్ని గుడ్డలో చుట్టుకుని నా కొట్టుకొచ్చారు.

"ఒరేయ్, రెండో చరణం అయ్యాక గరగరమంటోంది. చూడు."

లెన్సు తుడిచి ఇచ్చాను. నెల తిరక్కుండా మళ్లీ వచ్చారు. మళ్లీ తుడిచాను. మూడోసారి మోటారే మార్చాను. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇన్నిసార్లు ఆ పాట నా బల్ల మీద మోగినా, నేను పాట వినలేదు. మెషిను తిరుగుతోందా, ఆగుతోందా అన్నదే విన్నాను. "ఇంకా ఉందిరా" అని ఆయన అంటే, "డిస్కు మీద గీత పడుంటుంది బావా" అని తప్పించుకున్నాను.

అప్పుడాయన గొంతు తగ్గించి అడిగారు. "ఖరీదైన ప్లేయర్లయితే బాగా వినిపిస్తాయంటారు, నిజమేనా? గొంతులు విడివిడిగా తెలుస్తాయా?"

నిజం చెప్పాలంటే నాకు తెలీదు. చవకవీ ఖరీదైనవీ పక్కపక్కన పెట్టి నేనెప్పుడూ వినలేదు. కానీ ఎదురుగా ఉన్నది భార్య గొంతు వెతుక్కుంటున్న మనిషి. తెలీదు అనడానికి నోరు రాలేదు. "తెలుస్తాయి బావా, ఎందుకు తెలీవు! దాని దారే వేరు" అనేశాను.

నెలలోపు కొన్నారు. దాని ఖరీదు ఇక్కడ రాయను. మా ఆవిడ ఇది చదువుతుంది. కొనే మనిషిని పంపించినందుకు దాన్ని అమ్మిన షాపువాడు నాకొక గోడగడియారం బహుమతిగా ఇచ్చాడు. అది ఇప్పటికీ నా కొట్లో నా నెత్తి మీదే ఉంది, సరిగ్గా నడుస్తోంది కూడా.

కొత్త ప్లేయరు ఇద్దరు పట్టుకుంటే గానీ కదల్లేదు. పెట్టిన నాలుగోరోజు బావగారు నన్ను పిలిపించారు. మొహం వెలిగిపోతోంది.

"విను. ఎడం పక్కన, చివరి నుంచి రెండోది. 'అ' దగ్గర కాస్త పైకి లేస్తుంది చూడు. అదే మీ అక్క."

కళ్లు మూసుకుని విన్నాను. ఎనిమిదిమంది ఆడవాళ్లు పాడుతున్నారు. అంతే. "అవును బావా, అక్కే" అన్నాను. ఇది రెండో అబద్ధం. మొదటిదానికి తోడు.

"గరగర మాత్రం ఇందులోనూ ఉంది. నువ్వన్నట్టు గీతేలే, పోనీ" అన్నారు.

రెండేళ్లు అలా ఆనందంగా గడిచాయి. ఆయన ఒళ్లు కూడా కాస్త తేరుకుంది. తర్వాత ఆ ఖరీదైన ప్లేయరు డిస్కు చదవడం మానేసింది. మోయలేక రిక్షాలో నా కొట్టుకు చేరింది. విప్పి చూశాను. ఆ బరువంతా అడుగున బిగించిన ఒక ఇనప పలక. దాని పైన ఉన్న లెన్సూ మోటారూ మాత్రం, బావగారి పాత ప్లేయర్లో నేను తుడిచిన, బిగించిన రకమే. అదే కంపెనీ, అదే నంబరు. మూత మళ్లీ బిగించేసి కాసేపు గడియారం వంక చూస్తూ కూర్చున్నాను.

బాగయ్యేదాకా పాతదే వాడుకోమన్నాను. వారం తర్వాత ఆయన వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. కొట్లలో త్రాసు ముందు నిలబడేవారే, అలా.

"పాతదాంట్లోనూ ఎడం పక్కనే వినిపిస్తోందిరా."

"మంచిదేగా బావా!"

"మంచిదెలా అవుతుంది? రెండేళ్ల కిందట ఇందులో వినపడలేదు. మరి ఇప్పుడు వినిపిస్తున్నది మెషిన్లోంచా, నా బుర్రలోంచా? తూచి చూడాలి. నువ్వు ఆదివారం పొద్దున్నే రా. రెండు మెషిన్లూ కావాలి."

ఇంటికొచ్చి ఇనప పలక సంగతి మా ఆవిడతో చెప్పాను. "వెళ్లి ఆయనకే చెప్పండి" అంది. "ఎలా చెప్పను?" అన్నాను. "అబద్ధం చెప్పినప్పుడు నన్నడిగారా?" అంది.

ఖరీదైనదాన్ని ఎలాగో బాగుచేసి శనివారమే పంపించాను. ఆదివారం వెళ్లేసరికి గదిలో తీగకు దుప్పటి వేలాడుతోంది. దాని వెనక బల్ల మీద రెండు ప్లేయర్లు, ఇవతల ఒకే జత స్పీకర్లు. ఏది మోగుతోందో వినేవాళ్లకు తెలియకూడదని ఏర్పాటు. ఇంకో మనిషి కూడా ఉంది. అక్కతో పాటు పాడిన ఆమె, టెలిఫోను ఆఫీసు సూపర్వైజరమ్మ. రిటైరై చాలా కాలమైంది. తన డిస్కు కూడా తెచ్చుకుంది.

"అక్కయ్యగారూ," అన్నారు బావగారు ఆమెతో, "నా చెవులకు ఆశ ఉంది. మీ చెవులకు లేదు. అందుకే పిలిచాను. ఎందులో మా ఆవిడ గొంతు బాగా తెలుస్తోందో మీరు చెప్పాలి."

ఆమె ఏదో అనబోయి, "ముందు కానివ్వండి" అంది.

దుప్పటి వెనక నేను. మొదట బావగారి డిస్కు ఖరీదైనదాంట్లో, ఆమె డిస్కు చవకదాంట్లో. తర్వాత తట్టలు మార్చినట్టే డిస్కులు మార్చి మళ్లీ. నాలుగుసార్లు పాట మోగింది. ప్రతిసారీ బావగారు తనిఖీ పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకున్నారు. ఏది ఏదో పోల్చమంటే ఇద్దరూ పోల్చలేకపోయారు. ఒకసారి చవకది మోగుతుంటే బావగారు "ఇదే ఖరీదైంది, ఏం గంభీరం!" అన్నారు. దుప్పటి తీసి చూపించాక తనే నవ్వి, పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాశారు. తేడా లేదు.

ఇక ఆగలేక, ఇనప పలక సంగతి, లెన్సు సంగతి, తెలీకుండానే తెలుసన్న సంగతి, గడియారంతో సహా చెప్పేశాను. ఆయన తలెత్తకుండా విన్నారు.

"ముద్ర లేని రాయి పెట్టి తూచావన్నమాట" అన్నారు. అంతకన్నా తిట్టలేదు.

తర్వాత పుస్తకం మీద పెన్సిల్ ఆనించి, "ఇంకోటి ఉంది. గరగర. నాలుగుసార్లూ అక్కడే ఉంది. మెషిను మారింది, కదల్లేదు. డిస్కు మారింది, కదల్లేదు. అంటే తప్పు మెషినుదీ కాదు, నా డిస్కుదీ కాదు. పాటలోనే ఉంది" అన్నారు. "అది సరే. ఎడం పక్క, చివర్నించి రెండోది, మా ఆవిడేనా కాదా? మీరు చెప్పండి."

సూపర్వైజరమ్మ చీర కొంగు ముడి వేసింది, విప్పింది.

"ఆ గొంతు నాదండీ" అంది.

నాకు ఎక్కడికన్నా పారిపోవాలనిపించింది. రెండేళ్లుగా ఈయన పొద్దున్నే కాఫీ తాగి, కళ్లు మూసుకుని వింటున్నది ఈవిడనా! బావగారి చెవులు ఎర్రబడ్డాయి. "క్షమించాలి" అన్నారు, ఎందుకో ఆయనకే తెలియనట్టు.

"మరి తనది?"

"తను ఆ రోజు పాడలేదండీ." ఆమె నేల వంక చూస్తూ చెప్పింది. "పొద్దున రికార్డింగు గదికి వచ్చాకే గొంతు పూర్తిగా పట్టేసింది. పాడబోతే ఒక్క ముక్క రాలేదు. ఇంటికెళ్లి పడుకో అన్నాం. మా ఆయనకి చెప్పాను, ఎదురుచూస్తుంటారు, ఎలా వెళ్లను, అని కూర్చుంది. మాకందరికీ కలిపి పాట కాగితాలు ఒకటే కట్ట. మేష్టారు ఆవిణ్ని మైకు పక్కన నిలబెట్టి కాగితాలు పట్టుకోమన్నాడు. చప్పుడు కాకుండా తిప్పాలి. అన్నీ అలాగే తిప్పింది. ఒక్కటే, రెండో చరణం అయ్యాక, చేతిలోంచి జారి గరగరమంది. మళ్లీ పాడదామంటే గది టైమైపోయింది. దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది, మా అందరి పాటా పాడుచేశానని. మీకు చెప్పద్దని మా అందరి చేతా ఒట్టు వేయించుకుంది."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

నేను వేళ్లు లెక్కపెట్టుకున్నాను. రెండుసార్లు లెన్సు, ఒక మోటారు. మా అక్కను పోగొట్టడానికి నేను చేసిన ప్రయత్నాలు మూడు.

"ఏదీ, మళ్లీ పెట్టు" అన్నారు బావగారు.

"దేంట్లో బావా?"

"దేంట్లోనైనా ఒకటేనని ఇప్పుడేగా రాశాం."

దగ్గరున్నదాంట్లో పెట్టాను. మొదటి చరణానికి ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. రెండో చరణం అవుతుండగా చెయ్యి కొంచెం పైకెత్తారు, త్రాసు ముల్లు ఆగేదాకా ఎవర్నీ కదలొద్దన్నట్టు. గొంతులన్నీ ఆగాయి. కాగితం మోగింది. అర క్షణం కూడా లేదు.

"దొరికింది" అన్నారు మెల్లగా. మాతో కాదు.

పాట చివరిదాకా నడిచింది, కానీ ఆయన అక్కడితోనే వినడం ఆపేసినట్టున్నారు. సూపర్వైజరమ్మకు లేచి మంచినీళ్లు తెచ్చిచ్చారు. "మీ గొంతు చాలా బావుంటుంది" అని కూడా అన్నారు, మర్యాదకి. ఆమె అప్పుడు ఏడ్చింది.

ఖరీదైన ప్లేయరు ఇప్పుడు వాళ్ల ముందుగది కిటికీ తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపుతోంది. ఆ పనికి సరిపడా బరువుంది.

మొన్న వర్షాలప్పుడు బావగారు మళ్లీ కొట్టుకొచ్చారు, చంకలో గుడ్డచుట్టతో. చవక ప్లేయరు.

"ఏరా స్క్రూడ్రైవరూ, మూత బిగుసుకుపోయి తెరుచుకోవట్లేదు. మూత ఒక్కటే చూడు. ఇంకేమీ బాగుచెయ్యకు."

మూత తీశాను. లెన్సు మీద సన్నగా దుమ్ము పట్టి ఉంది. అలవాటు కొద్దీ నా చెయ్యి దూది దాకా వెళ్లింది. ఆయన చూస్తున్నారు. చెయ్యి వెనక్కి తీసుకుని, మూతకు ఒక చుక్క నూనె వేసి ఇచ్చేశాను.