చూరు కింది కంత

వడ్రంగి పని చేసే ఆయనను అందరూ బిరడా అంటారు. ఆయన మూసిన కంతలో చీమ కూడా దూరదు. పాములన్నా తేళ్లన్నా లెక్కలేదు గానీ, గబ్బిలాన్ని చూస్తే మాత్రం పై ప్రాణాలు పైనే పోతాయి. ఈ సంగతి భార్యకొక్కదానికే తెలుసు. ఏ చిన్న తగాదా వచ్చినా ఆవిడ దాన్నే బయటికి తీస్తుంది.

కూతురు పసిపాపతో వచ్చి మేడగదిలో ఉంది. ఆ గది చెక్క కప్పుకూ పైనున్న పెంకులకూ మధ్య గబ్బిలాల కాపురం. సాయంత్రం అవి చూరు కింది కంతలోంచి మేతకు వెళ్లగానే, బిరడా నిచ్చెన వేసి కంతకు చెక్క బిగించి, సందుల్లో లప్పం కూరాడు. తిరిగొచ్చినవి తెల్లవార్లూ బయట గీకుతూనే ఉన్నాయి. లోపల సన్నగా ఏవో కీచుమన్నాయి. ఎలుకలేలే అనుకుని ముసుగు తన్నాడు. ఆ మాట తనకే నమ్మకంగా లేదు.

మూడోనాడు పాప చేతి మీద వరసగా ఎర్రటి కాట్లు కనిపించాయి.

"గబ్బిలమేనయ్యా! ఒకటి లోపలే ఉండిపోయింది," అంది భార్య.

"నోరు ముయ్యవే," అన్నాడు గానీ, పాపను గబుక్కున ఎత్తుకున్నాడు. గబ్బిలం కరిస్తే మనిషి దక్కడని ఎప్పుడో విన్నాడు. దారి పొడుగునా పాప ఊపిరినే చూస్తూ ఆస్పత్రికి నడిచాడు.

ఉయ్యాల మడతలో దొరికిన పురుగును కూతురు కాగితంలో చుట్టి తెచ్చింది. డాక్టరమ్మ దాన్నీ, పాప చేతినీ భూతద్దంతో చూసింది.

"గబ్బిలం కాటు కాదు, భయపడకండి. ఇది గబ్బిలాల రక్తం తాగే నల్లి. పైన అవి లేకపోతే ఆకలికి కిందికి దిగుతుంది. కప్పులో ఏమైనా కదిపారా?"

"కంత మూశానమ్మా."

"అయ్యో, ఇది పిల్లలు పెట్టే కాలం కదండీ! ఎగరలేనివి లోపలే ఉండిపోతాయి. వెంటనే తెరవండి. అవి ఎగిరిపోయాక మందు కొట్టించి మూసుకోండి. అందాకా పాపను కింద పడుకోబెట్టండి."

ఆ సాయంత్రమే ఉయ్యాల కిందికి దించి, బిరడా నిచ్చెన ఎక్కాడు. చెక్క ఊడదీస్తుంటే చెమటకు ఉలి జారింది. లోపల బొటనవేలంత పిల్లలు ఎండిపోయి పడున్నాయి. ఒక్కటి మాత్రం వాసాన్ని పట్టుకుని కీచుమంటూ వేలాడుతోంది. దాని ఒంటినిండా నల్లులే. దిగి పారిపోదామనుకునేలోగా పెద్ద గబ్బిలమొకటి చెంప రాసుకుంటూ లోపలికి దూసుకుపోయింది. కళ్లు గట్టిగా మూసుకుని నిచ్చెనను కరుచుకున్నాడు. కీచుమనడం ఆగిపోయింది.

"ఏమైనా బతికున్నాయా నాన్నా?" కింద నుంచి కూతురు అడిగింది. ఆమె ఒళ్లో పాప పాలు తాగుతోంది.

"ఒకటుందమ్మా. వాళ్లమ్మ వచ్చింది."

ఊడదీసిన చెక్కను చంకన పెట్టుకుని బిరడా నిచ్చెన దిగాడు.